ఉప్పుకు క్యాలెండరు తెలీదు

తుప్పు పట్టిన పికప్పును బాగుచేయించుకోవాలా, వదిలేసి కొత్తది కొనాలా అని పులికాట్ సరస్సు పక్కనున్న తడలో ఎవరినైనా అడిగి చూడండి. జవాబును బట్టి ఆయన వ్యాపారమేమిటో చెప్పేయొచ్చు. టింకరింగ్ షెడ్డాయన అయితే "ఇంజన్ రాయి మాదిరి ఉండాదన్నా, ఫ్లోరుకు రెండు షీట్లు అతికిస్తే పదేళ్ళు ఢోకా లేదు" అంటాడు. షోరూము కుర్రాడు "ఇంకా ఆ డొక్కు మీద డబ్బు పోస్తారా సార్" అని జాలిపడి కాఫీ తెప్పిస్తాడు. ఫైనాన్సు ఏజెంటుకు బండి ఏ రంగుదో కూడా అక్కర్లేదు. ఆధార్, పాన్, రెండు ఫొటోలు చాలు. వీళ్ళందరిలో పాతినుము కొట్టాయనొక్కడే నిజాయితీపరుడు. కాటా చూపించి, కిలోకింత అని చెప్పి ఊరుకుంటాడు.

అందరికంటే ధీమాగా జవాబు చెప్పేది మాత్రం ఢిల్లీ. 2021 ఆగస్టు 13న వాహనాల తుక్కు విధానం మొదలుపెట్టినప్పుడు, వయసు చూసి కాదు, ఫిట్‌నెస్ చూసే బండిని తుక్కుకు పంపుతామన్నారు. వినడానికి బాగుంది. అప్పటి ఫీజుల పట్టిక తీస్తే మాత్రం గీతలు పదిహేనేళ్ళ దగ్గరే గీసి ఉన్నాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు నిండిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ 600 నుంచి ఒక్కసారిగా 5,000 అయింది. రవాణా బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు. పుట్టినరోజు ముందురోజు దాకా పడుచుగా ఉన్న బండి తెల్లారేసరికి ముసలిదైపోతుందన్నమాట.

ఈ లెక్క కట్టినాయన ఒక్కసారి తడ వచ్చి, పులికాట్ గాలిలో ఒక రాత్రి బండి నిలిపి చూసి ఉండాల్సింది. ఇక్కడ ఉప్పు పైనుంచీ వస్తుంది, లోపల్నుంచీ వస్తుంది. పైన సరస్సు గాలి. లోపల చేపల పెట్టెల్లోంచి కారే ఐసు నీళ్ళు. భీమునివారిపాలెం వైపు నుంచి సరుకెత్తుకుని చెన్నై మార్కెట్టుకు పరిగెత్తే బండి తొట్టిలో ఆ నీళ్ళు కారుతూనే ఉంటాయి. తొట్టి అతుకుల్లోంచి దిగి ఛాసిస్ మీద పడతాయి. ఇనుముకు నీళ్ళూ గాలీ తగిలితే తుప్పు ఎక్కడైనా పడుతుంది. ఆ నీళ్ళలో ఉప్పు కలిస్తే ఆ పని పరుగందుకుంటుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకుల మధ్య దూరి, ఉబ్బి, వెల్డింగును తానే విప్పుకుంటుంది. అదే మోడలు, అదే ఏడు కొన్న బండి మదనపల్లెలో టమాటాలు మోసి ఉంటే పదిహేనేళ్ళకీ దాని అడుగు గట్టిగానే ఉండొచ్చు. తడలో చేపలు మోసిన దానికి సగం వయసుకే ఫుట్‌బోర్డులోంచి రోడ్డు కనబడుతుంది. పట్టికలో మాత్రం రెంటికీ ఒకటే వయసు, ఒకటే ఫీజు.

ఇక ప్రోత్సాహకాల సంగతి. పాత బండిని తుక్కుకిస్తే కొత్త బండి షోరూము ధరలో 4 నుంచి 6 శాతం దాకా తుక్కు విలువ వస్తుందన్నారు. తుక్కుకిచ్చినట్టు సర్టిఫికెట్ చూపించి కొత్తది కొంటే రోడ్డు పన్నులో సొంత వాహనానికి 25 శాతం వరకు, రవాణా వాహనానికి 15 శాతం వరకు రాయితీ అన్నారు. మళ్ళీ చదవండి. వీకెండులో ఉబ్బలమడుగు జలపాతానికి వెళ్ళడానికి ఖాళీ తొట్టితో తిరిగే సొంత పికప్పుకు 25. ఆ తొట్టిలో చేపలు వేసుకుని నలుగురి పొట్ట నింపే పికప్పుకు 15. బరువు మోయనిదానికే బహుమానం ఎక్కువ.

అన్నట్టు, కొత్త పికప్పుల కోసం తడవాళ్ళు దూరం పోనక్కర్లేదు. పక్కనే శ్రీసిటీ. 2016 ఏప్రిల్‌లో అక్కడ ఇసుజు ఫ్యాక్టరీ తెరిచారు. 107 ఎకరాలు, డీ-మ్యాక్స్ పికప్పులు తయారయ్యేది అక్కడే. షిఫ్టు బస్సులో గేటు దాటి లోపలికి పోయే కుర్రాడు పొద్దంతా కొత్త పికప్పులకు బోల్టులు బిగించి, సాయంత్రం ఇంటికొచ్చి నాన్న పాత టాటా 207 తలుపు ఊడిపోకుండా తాడు కడతాడు. పెట్టుబడిదారుల సదస్సులో ఈ సగం ఫొటో వేయరు.

కొనమనేవాళ్ళు చెప్పని లెక్క ఒకటుంది. 8 లక్షల అప్పు, 12 శాతం వడ్డీ, 48 నెలలు అనుకోండి. నెలకు దాదాపు 21 వేలు; కట్టేసరికి పది లక్షలు దాటుతుంది. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవాలి కదా, న్యాయమే. ఈఎమ్ఐకి మాత్రం అలాంటి సెలవులేమీ రాసిలేవు, అది పన్నెండు నెలలూ పిల్లలు పెడుతూనే ఉంటుంది. ఆపైన 2020 ఏప్రిల్ నుంచి అమ్మేవన్నీ బీఎస్-6 బండ్లు. పొగ తగ్గింది, సంతోషం. కానీ స్పానరుతో బాగయ్యే జబ్బులు పోయి, స్కానరు పెడితే తప్ప పేరు కూడా చెప్పని జబ్బులొచ్చాయి. రోడ్డు పక్క మెకానిక్ బానెట్ ఎత్తి చూసి దణ్ణం పెట్టి మూసేస్తున్నాడు.

బాగుచేయడం మాటెలా ఉన్నా, మార్చేయడంలో మన ప్రభుత్వాలకు సాటి లేదు. తడ ముందు నుంచి వెళ్ళే రోడ్డు ఒకప్పుడు ఎన్‌హెచ్-5, ఇప్పుడు ఎన్‌హెచ్-16. నెల్లూరు జిల్లా తడ 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా తడ అయింది. నెల్లూరు ఏపీ 26 ప్లేటుతో పుట్టిన బండి ఉన్నచోటు నుంచి కదలకుండానే జిల్లా దాటేసింది. గుంతలు మాత్రం పాత జిల్లావే. ఇంటింటికీ తిరిగిన రేషన్ బండ్లనే తీసుకోండి. 2021 జనవరి 21న 539 కోట్లతో 9,260 బండ్లకు జెండా ఊపారు. 2025 జూన్ 1 నుంచి మళ్ళీ రేషన్ షాపులకే రమ్మన్నారు. నాలుగేళ్ళు దాటిందో లేదో, అన్ని వేల బండ్ల కొలువు పోయింది. అందుకు కారణం ఛాసిసులు పుచ్చిపోవడం కాదు. పుచ్చింది కుర్చీ.

సర్కారు బండ్ల మీద కూడా కొరడా ఝళిపించారులెండి. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ రద్దు. బాగుంది. మరి పోలీస్ స్టేషన్ల వెనక, తీగలు పాకి, టైరు మీద టైరు కూలబడి ఉన్న ఆ పికప్పులు ఎవరివి? ఇసుక కేసుల్లోనో, ఎర్రచందనం కేసుల్లోనో పట్టుకొచ్చినవి. పట్టుకున్న బండ్లను స్టేషన్లలో ఏళ్ళ తరబడి ఉంచొద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఆ తీర్పు వయసే పదిహేనేళ్ళు ఎప్పుడో దాటేసింది. దాన్నీ తుక్కు కింద జమకట్టారేమో.

నన్నడిగితే నిర్ణయానికి క్యాలెండరు అక్కర్లేదు, స్క్రూడ్రైవరు చాలు. బండి కింద గోనెసంచి పరచుకుని దూరండి. ఛాసిస్ పొడవునా, ముఖ్యంగా వెనక కమాను కట్టల దగ్గర, తొట్టి బోల్టుల దగ్గర సుత్తితో తట్టుకుంటూ పోండి. ఖంగుమంటే ఫరవాలేదు. తడి గోడ మీద కొట్టినట్టు దబ్బుమంటే అక్కడ స్క్రూడ్రైవరు పొడవండి. పెచ్చులు రాలి మొన లోపలికి దిగిపోతే, ఇక ఎవరేం చెప్పినా ఆ బండికి సెలవే. ఆ పలుచని ఇనుముకు కొత్త ప్లేటు వెల్డింగ్ చేస్తే ప్లేటు బతుకుతుంది, దాని పక్కది చిరుగుతుంది. టన్ను బరువుతో సూళ్లూరుపేట దాటాక చిరిగితే తుక్కయ్యేది బండి ఒక్కటే కాదు. మొన దిగలేదా, తలుపులూ ఫ్లోరూ ఎంత చిల్లులు పడినా టింకరింగ్ చేయించుకోండి. తొట్టిలో చేపల నీళ్ళు పోవడానికి గొట్టం పెట్టించుకోండి. రోజూ సాయంత్రం అడుగున మంచినీళ్ళతో కడగండి. పదిహేనైనా పద్దెనిమిదైనా నడుస్తుంది. దాన్ని డొక్కు అన్నవాణ్ణి నెల కిస్తు కట్టమనండి.

చిక్కల్లా ఎఫ్‌సీ ముందు రోజు. తుప్పు మీద చిక్కటి నల్లరంగు కొట్టి, చక్రాలకు పాలిష్ పెట్టి, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు బండిని వరుసలో నిలబెట్టడం మనకు ఆచారం. కంప్యూటరు బ్రేకు చూస్తుంది, పొగ చూస్తుంది, లైటు చూస్తుంది. ఆ రంగు గోకి చూసేవాడు కావాలి. సుత్తి, స్క్రూడ్రైవరు, గోనెసంచి ఇచ్చి ఎఫ్‌సీ సెంటరుకు ఒక మనిషిని వేయండి. జీతానికి బడ్జెట్ లేదంటారా, ఆ రోజుకు 50 రూపాయలు ఎటు పోతున్నాయో అటు నుంచే ఇప్పించండి.