ముక్కుగారికి సేఫ్టీ ఆఫీసరు ఉద్యోగం

నాపరాయి కోసే షెడ్డులోకి వెళ్లి దుమ్ము సంగతేమిటని అడిగి చూడండి. జవాబు నాలుక చివరే ఉంటుంది. "ఏం కాదులేప్పా, ముక్కుంది గదా! దేవుడు దాన్ని ఎందుకు పెట్టినాడు మల్ల?" అంతటితో ఆగినా బాగుండు. పనిలోకి వచ్చినవాడి చేతిలో ఇంత బెల్లంగడ్డ పెట్టి, "ఇది చప్పరించు, లోపలికి పోయిన దుమ్మంతా కడుక్కోని పోతాది" అని వైద్యం కూడా చేస్తారు. తలకు చుట్టిన తువ్వాల ఎలాగూ ఉంది, దాన్ని కిందికి దించి మూతికి కట్టుకుంటే మాస్కు. ముక్కు దేవుడిచ్చాడు, తువ్వాల ఇంటి నుంచి వచ్చింది. యజమాని ఖర్చల్లా బెల్లమే.

బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల చుట్టుపక్కల తవ్వి, కోసి, పాలీష్ పట్టిన బండలే సీమలో సగం ఇళ్లకు నేల. మే నెల మధ్యాహ్నం ఆ నేల మీద చాప కూడా లేకుండా వాలితే ఉండే సుఖం తెలిసినవాళ్లకు తెలుసు. ఆ రాయి మీద నాకేం కోపం లేదు. నీళ్లు పెట్టి కోయించే యజమానులూ, సరైన మాస్కులు కొనిచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసి పని చూసుకోవచ్చు. ముక్కు మీద భారం వేసి కూర్చున్నవాళ్లతోనే నా మాట.

సరే, అంతగా నమ్ముకున్నారు కాబట్టి ముక్కుగారినే సేఫ్టీ ఆఫీసరుగా వేసుకుందాం. దరఖాస్తు తెప్పించి అర్హతలు చూద్దాం.

అర్హతలకు లోటు లేదు. రోజుకు పదివేల లీటర్లకు పైగా గాలిని తనిఖీ చేస్తారు. గుమ్మంలోనే వెంట్రుకలు నిలబెట్టి పెద్ద నలుసుల్ని ఆపేస్తారు. గుమ్మం దాటగానే దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకు అవతల రెండు వైపులా మూడేసి చొప్పున చుట్టలు తిరిగిన ఎముకలు. డాక్టర్లు వాటిని టర్బినేట్లంటారు. గాలి ఆ మలుపుల్లో వంకర్లు తిరిగి పోగలదు, బరువున్న ధూళి తిరగలేదు. నేరుగా పోయి తడిగోడకు కొట్టుకుని అక్కడే అంటుకుపోతుంది. ఆ తడి చీమిడి. దాన్ని చూసి మొహం చిట్లించుకుంటాం గానీ, అది కూడా ఒకచోట ఊరికే ఉండదు. కంటికి కనపడని సన్నటి నూగు సెకనుకు పదిసార్లకు పైగా కొట్టుకుంటూ దాన్ని నిమిషానికి ఐదారు మిల్లీమీటర్ల చొప్పున గొంతువైపు తోస్తుంది. పావుగంట అటూ ఇటూగా అది గొంతు చేరుతుంది, మనం తెలియకుండానే మింగేస్తాం, మిగతా పని కడుపులో ఆమ్లం చూసుకుంటుంది. ఎదురు తిరిగిన నలుసుకు తుమ్ము ఉండనే ఉంది. ఇంతలోనే చలికాలం గాలిని వెచ్చబెట్టాలి, నంద్యాల ఎండ గాలిని చల్లబరచాలి, పొడిగాలికి తేమ పట్టించాలి. ఇవన్నీ జీతం లేకుండా, ఆదివారం లేకుండా. ఇంటర్వ్యూ అక్కర్లేదు, ఆర్డరు ఇచ్చేయొచ్చు.

ఇక ఆయనగారి మీద రహస్య నివేదిక.

ఆయన ఎప్పుడు చూసినా సగం సెలవులో ఉంటారు. ఒక ముక్కురంధ్రం లోపలి కండ ఉబ్బి దారి సన్నబడితే రెండోది తెరుచుకుంటుంది, కొన్ని గంటలకు అవి వంతులు మార్చుకుంటాయి. కైజర్ అనే జర్మన్ వైద్యుడు 1895లోనే దీన్ని రాసిపెట్టాడు. కూలివాడికి లేని షిఫ్టు పద్ధతి, లేని విశ్రాంతి ముక్కుకు ఉన్నాయన్నమాట. పోనీ, ఆయన్నయినా అనుభవించనిద్దాం.

అసలు తంటా వేరే ఉంది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. ముక్కుకు అది లెక్కలోది కాదు. ఇద్దరు మనుషులు ఒక బండను అటూ ఇటూ పట్టుకుని లారీకి ఎక్కిస్తున్నప్పుడు ఆ లెక్క ఐదారు రెట్లవుతుంది. ముప్పై అయిదో నలభయ్యో లీటర్లు దాటాక ముక్కు చాలదు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. నోట్లో వెంట్రుకలు లేవు, టర్బినేట్లు లేవు, మలుపులు లేవు. నేరుగా గొంతులోకి రాజమార్గం. పని ఎంత ఎక్కువైతే దుమ్ము అంత లేస్తుంది, సరిగ్గా ఆ సమయానికే ఆఫీసరుగారు సీట్లో ఉండరు. నోరు మూసుకుని బండ ఎత్తమని చెప్పే మేస్త్రీ నాకింతవరకూ తగల్లేదు. నోరు మూసుకుని పనిచెయ్యమనేవాళ్లు మాత్రం అడుగడుక్కీ ఉన్నారు.

పోనీ సీట్లో ఉన్నప్పుడైనా పట్టుకునేది ఏమిటి? పది మైక్రాన్లు దాటిన ధూళి చాలామటుకు ముక్కులోనే చిక్కుతుంది. నాలుగైదు మైక్రాన్లకు దిగిందంటే గాలితో పాటు అన్ని మలుపులూ తిరిగి, ఊపిరితిత్తుల చిట్టచివరి గాలి గదుల్లో దిగుతుంది. మన తలవెంట్రుక మందం దాదాపు డెబ్బై మైక్రాన్లు. ఆ లెక్కన చూసుకోండి. కనుబొమల మీద తెల్లగా పేరుకునేది, ఎండపొడలో సుడులు తిరుగుతూ కనిపించేది పెద్ద దుమ్ము. మనిషిని తినేది కనిపించదు. సాయంత్రం పంపు దగ్గర ముక్కు చీదితే తెల్లగా పడుతుంది. దాన్ని చూపించి, "చూసినావా, అంతా బయటికే వచ్చేసింది" అని యజమాని సంతోషిస్తాడు. స్టేషన్లో ఉన్న దొంగల్ని లెక్కపెట్టి ఊళ్లో దొంగలే లేరని తేల్చినట్టుంది.

వాసనైనా పట్టి హెచ్చరించకూడదా అంటే, వాసన తెలిసే చోటు ముక్కు పైకప్పులో కొన్ని చదరపు సెంటీమీటర్లే. అయినా అది తక్కువదేం కాదు. బేనిషా కాయలు ఏ గదిలో మగ్గుతున్నాయో వీధి మలుపులోనే చెప్పేస్తుంది. పలుగురాయి ధూళి దగ్గర మాత్రం మూగది. పలుగురాయి అంటే సిలికాయే, సిలికాకు వాసన లేదు.

సిలికా మాట ఎత్తగానే చెయ్యి అడ్డం వస్తుంది. "మాది సున్నపురాయి సార్, సిలికా గిలికా మాకు లేదు." ఇందులో నిజం ఉంది, ఒప్పుకోవాల్సిందే. నాపరాయి ప్రధానంగా సున్నపురాయే, స్వచ్ఛమైన సున్నపురాయి దుమ్ము పలుగురాయి దుమ్మంత క్రూరమైనది కాదు. కానీ పొరను బట్టి, గనిని బట్టి ఆ రాయిలోనూ ఎంతో కొంత సిలికా కలిసే ఉంటుంది. నాపరాయి కోసిన మిషన్ మీదికే రేపు గ్రానైట్ ఎక్కుతుంది. పైగా ఈ మాట అంటున్నది ఏ ఊళ్లో? భూగర్భ శాస్త్రవేత్తలు కర్నూలు శిలల వరుసలో అట్టడుగు పొరకు పెట్టిన పేరే 'బనగానపల్లె క్వార్ట్‌జైట్'. ఒకప్పుడు ఇక్కడ వజ్రాలు తవ్విందీ ఆ పొరలోనే. క్వార్ట్‌జైట్ అంటే దాదాపు అంతా సిలికాయే. దాన్ని తన పేరుతో ప్రపంచ పటమెక్కించిన ఊళ్లో నిలబడి సిలికా ఎరగనంటే ఎట్లా? ఏ బండలో ఎంత ఉందో తేల్చడానికి ల్యాబు కావాలి. లేదని చెప్పడానికి గొంతుంటే చాలు.

గాలి గదికి చేరిన సిలికాను అక్కడి కాపలా కణాలు మింగుతాయి, అరిగించుకోలేక చస్తాయి. చచ్చిన కణంలోంచి బయటపడిన నలుసును ఇంకోటి మింగుతుంది. ఇట్లా చచ్చిన చోటల్లా మచ్చ కడుతుంది, మెత్తటి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. దాన్ని సిలికోసిస్ అంటారు. నయం చేసే మందు లేదు. పని మానేసినా కొందరిలో అది ముదురుతూనే ఉంటుంది. ఇదేం నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కాదు. రాళ్లు చెక్కేవాళ్ల రొమ్ము జబ్బుల గురించి ఇటలీ వైద్యుడు రమజ్జిని 1700లోనే రాశాడు. అంత దూరమెందుకు, చిత్తూరు జిల్లా పక్కనే కోలార్ బంగారు గనులున్నాయి. మన తెలుగువాళ్లు తరాల తరబడి దిగిన గనులవి. 1940ల్లో అక్కడ ఏడువేల మందికి పైగా కార్మికుల్ని పరీక్షిస్తే నూటికి నలభై మందికి మించి ఈ జబ్బు బయటపడింది. వాళ్లందరికీ ముక్కులున్నాయి.

ఇప్పుడు బెల్లం దగ్గరికి వద్దాం. ఎందుకంటే అసలు తమాషా అక్కడుంది. బెల్లం దారి వేరు, దుమ్ము దారి వేరు. రెండూ గొంతులో ఒకసారి పలకరించుకుంటాయి. ఆపైన బెల్లం అన్నవాహికలోకి, దుమ్ము శ్వాసనాళంలోకి. బెల్లం చప్పరిస్తే లాలాజలం ఊరుతుంది, గొంతు గోడకు అంటుకున్న పెద్ద దుమ్ము దాంతోపాటు దిగిపోతుంది, గీర తగ్గుతుంది. ఆ హాయి అబద్ధం కాదు. అది ఊపిరితిత్తులు కడిగిన హాయి మాత్రం కాదు. సాయంత్రం క్వార్టరు సీసాతో కడిగే సిద్ధాంతమూ ఇలాంటిదే, దాని జోలికి పోను. ఆ ఖర్చు కూలివాడి జేబులోది.

"సైన్సు కూడా చెప్పింది సార్" అంటారు చదువుకున్న యజమానులు. చెప్పింది, నిజమే. లక్నోలోని పరిశోధన సంస్థవాళ్లు 1994లో ఒక పత్రం అచ్చువేశారు. ఊపిరితిత్తుల్లో దుమ్ము ఎక్కించి, బెల్లం తినిపించి చూస్తే ధూళి కణాలు అక్కణ్నుంచి కదలడం ఎక్కువగా కనిపించిందట. తిన్నది ఎలుకలు. ఆ ఎలుకలు రోజూ పొద్దున్నే మళ్లీ షెడ్డుకు వెళ్లలేదు, బండలెత్తలేదు, ఇరవయ్యేళ్లు దుమ్ము పీల్చలేదు. రాయలసీమ కార్మికుడికి అదే చికిత్స సరిపోతుందని ఆ పత్రం ఎక్కడా హామీ ఇవ్వలేదు. అయినా మూడు దశాబ్దాల కిందటి ఎలుకల పరీక్షను ఇంత శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నవాళ్లు, మనుషుల మీద మూడు వందల ఏళ్లుగా పోగుపడిన సాక్ష్యాన్ని ఎలా మరిచిపోగలిగారో నాకు అర్థం కాదు.

తువ్వాల గురించి రెండు ముక్కలు చాలు. నేతలో పోగుకీ పోగుకీ మధ్య ఉండే సందు మన నాలుగు మైక్రాన్ల నలుసుకు కల్యాణ మండపం గేటు. చెమటకు తడిసిన తువ్వాలలోంచి ఊపిరాడక మనిషి దాన్ని ముక్కు కిందికి లాగేసుకుంటాడు, తప్పు కూడా అతని మీదికే పోతుంది. "మేం చెప్తాంటాం సార్, వాళ్లే కట్టుకోరు."

నీళ్లు పెట్టి కోస్తే దుమ్ము లేవదు కదా అంటారా? చాలామటుకు లేవదు, అది మంచి పద్ధతే. ఆ నీళ్లతో కొట్టుకొచ్చిన స్లర్రీని తీసుకెళ్లి రోడ్డు పక్కన, వాగు గట్టున పారబోస్తే మాత్రం ఎండాక ఏమవుతుందో ఒక వడగాలి రోజున ఆ దారిన బండి మీద పోయి చూడండి. షెడ్డులో పట్టుకున్న దుమ్మును బయట వదిలిపెట్టినట్టు లెక్క. అప్పుడు బడిపిల్లల ముక్కులకు కూడా ఉద్యోగాలొస్తాయి.

ఇంత చేశాక మనిషి దగ్గుతో ఆసుపత్రికి వెళ్తాడు. ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తాయి, చాలాసార్లు టీబీ అని ఆరు నెలల మాత్రలు మొదలవుతాయి. సిలికా చేరిన ఊపిరితిత్తికి టీబీ సులువుగా పడుతుంది కాబట్టి కొన్నిసార్లు అది నిజం కూడా. కానీ టీబీ అనేసరికి జబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందన్న ప్రశ్న ఆగిపోతుంది. అది ఎవరి దగ్గర్నుంచైనా అంటుకోవచ్చు. సిలికోసిస్ మనిషి నుంచి మనిషికి అంటదు, అది మిషన్ దగ్గరే అంటుకోవాలి. అందుకే యజమానికి టీబీ అంటే ప్రాణం.

సిలికోసిస్ పేరు రాస్తే చట్టం లేస్తుంది. 1923 నాటి పరిహార చట్టం దాన్ని వృత్తి జబ్బుల పట్టికలోకి ఎక్కించింది. 1948 ఫ్యాక్టరీల చట్టమైతే దాన్ని సర్కారుకు తప్పక తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది. అదే చట్టం 14వ సెక్షను దుమ్మును అది పుట్టే చోటికి వీలైనంత దగ్గర్లోనే లాగేసే ఏర్పాటు ఉండాలంది. అంటే రంపపు పళ్ల దగ్గర. మనవాళ్లు ఆ ఏర్పాటును రంపానికి వీలైనంత దూరంలో, కార్మికుడి మొహం మధ్యలో పెట్టుకున్నారు. 2025 నవంబరు 21 నుంచి ఆ రెండు చట్టాలూ పోయి కొత్త కోడ్‌లు వచ్చాయి. కరెంటుతో నడిచే షెడ్డులో పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అన్న పాత లెక్క ఇప్పుడు ఇరవైకి పెరిగింది. పదికే తొమ్మిది పేర్లు రాసే రిజిస్టర్లకు ఇక పందొమ్మిది దాకా స్వేచ్ఛ. రిజిస్టర్లో పేరే లేని మనిషి, నేను ఫలానా షెడ్డులో పదిహేనేళ్లు చేశానని రుజువు ఎట్లా తెస్తాడు? ఊపిరితిత్తిలో ఉన్న రాయి మీద షెడ్డు పేరు చెక్కి ఉండదు.

ఇంతకీ యజమానులకు దుమ్ము ప్రమాదం తెలియదనుకుంటే పొరపాటు. షెడ్డులో కటింగ్ మిషన్ మోటారును చూడండి. దానికి రేకు డబ్బా, డబ్బా మీద టార్పాలిన్, రోజూ రాత్రి మిషన్ ఆపాక ఒక కుర్రాడు గాలి కొట్టి దాన్ని శుభ్రం చేస్తాడు. ఆ కొట్టిన దుమ్మంతా కుర్రాడి ముక్కులోకే పోతుంది, అది వేరే సంగతి. మోటారుకు ముక్కు లేదనీ, దాన్ని మనమే కాపాడుకోవాలనీ యజమానికి బాగా తెలుసు. దుమ్ము పట్టి మోటారు కాలితే రీవైండింగ్ ఖర్చు ఆయనదే మరి.