మా వాకిట్లో ముగ్గు లేదని చూసుకున్నవాడికి

నీ పేరు తెలియదు కాబట్టి సంబోధన లేకుండానే మొదలుపెడుతున్నాను. మొన్న మే నెలలో బాపట్లలో మా ఇంటి తలుపు పగలగొట్టి లోపలికి వెళ్ళినవాడివి నువ్వు. నీతో ఇంకొకడున్నాడు. వీధి చివర కిరాణా కొట్టు కెమెరాలో రాత్రి రెండుంపావుకి మీరిద్దరూ బండి మీద వెళ్తూ కనబడ్డారు. ముఖాలకు రుమాళ్ళు కట్టుకున్నారు. అంతకుమించి నీ గురించి నాకేమీ తెలియదు. నీకు మాత్రం నా గురించి చాలా తెలుసు. నా బీరువాలో ఏ అరలో ఏముందో నా కూతురికి కూడా నీకు తెలిసినంత తెలియదు.

మనవరాలి బారసాలకి హైదరాబాదు వెళ్ళాం. నాలుగు రోజులు. పాలు వద్దని చెప్పాను, పేపరబ్బాయికి చెప్పాను, వరండాలో లైటు వేసి ఉంచాను. ముగ్గు సంగతి తట్టలేదు. మా వీధిలో తెల్లారేసరికి ప్రతి గుమ్మం ముందూ కళ్ళాపి జల్లి ముగ్గు పెడతారు. మూడు రోజులు వరసగా ముగ్గు పడని వాకిలి మాది ఒక్కటే. మీలాంటివాళ్ళు పగటిపూట వీధుల్లో తిరుగుతూ మొదట చూసేది వాకిళ్ళనేనని విచారణకి వచ్చిన ఎస్సైగారు చెప్పారు.

తాళంకప్ప పెద్దది, పాతది, గట్టిది. నువ్వు దాని జోలికే పోలేదు. గొళ్ళెం బిగించిన రేకునే ఇనప రాడ్డుతో ఊడబెరికావు. ఇన్నేళ్ళూ తాళం గురించే ఆలోచించాం గానీ అది వేలాడుతున్న రేకు గురించి ఒక్కరోజూ ఆలోచించలేదు.

నాలుగు గాజులు, నల్లపూసల గొలుసు, మా అత్తగారి కాసులపేరు, 18 వేల రూపాయలు పోయాయి. మనవరాలి అన్నప్రాసనకి ఇద్దామని దాచిన వెండిగిన్నె కూడా. నా కూతురు పాలబువ్వ తిన్న గిన్నె అది, అంచు మీద దాని పళ్ళ గాట్లున్నాయి. అమ్మితే నీకు ఎంతొచ్చి ఉంటుంది?

ఎఫ్‌ఐఆర్ కాపీ మా చేతికిచ్చారు. అందులో వేసిన సెక్షన్లు చదివి అర్థం చేసుకున్నాను. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 305వ సెక్షను నివాసగృహంలో దొంగతనం గురించి, దానికి 7 ఏళ్ళ దాకా శిక్ష. 331వ సెక్షను దొంగతనం కోసం ఇల్లు పగలగొట్టినవాడికి. పట్టపగలు చేస్తే 10 ఏళ్ళ దాకా, పొద్దుగూకాక తెల్లవారకముందు చేస్తే 14 ఏళ్ళ దాకా. మనిషి ఒళ్ళు మరిచి నిద్రపోయే వేళని చట్టం వేరుగా చూసింది, అది న్యాయమే. దొంగసొత్తని తెలిసీ కొన్నవాడికి 317వ సెక్షను కింద 3 ఏళ్ళ దాకా పడుతుంది. నా గాజులు కొన్నవాడికి ఇది చదివి వినిపించు.

ఇలాంటి కేసులన్నీ కలిపి జాతీయ నేర రికార్డుల బ్యూరో ‘క్రైమ్ ఇన్ ఇండియా’ అని ఏటా లెక్కల పుస్తకం వేస్తుంది. నేరాల రేటంటే లక్ష జనాభాకు ఎన్ని కేసులన్నది. 2011 జనాభా లెక్కల్లో మా ఊళ్ళో డెబ్బై వేల పైచిలుకు మనుషులం. ఆ లెక్కన మా ఇంటి కేసు ఒక్కటీ ఊరి రేటుకి ఒకటిన్నర కూడా కలపదు. అది కూడా ఊరి పేరు మీద కనబడదు. పెద్ద నగరాలకు విడిగా పట్టికలుంటాయి, మాలాంటి ఊళ్ళు జిల్లాలో కలిసిపోతాయి. పైగా ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా, వాటిలో పెద్దదాని కింద ఒకేసారి లెక్కపెడతారు. మా ఊరు ప్రశాంతమైన ఊరని ఆ పుస్తకం చూసి ఎవరన్నా అంటే తప్పు పట్టలేను. కానీ ఆ రాత్రి వల్ల జరిగిన ఇంకో పని ఏ గడిలోనూ పట్టదు. దాని కోసమే నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేము తిరిగొచ్చిన మధ్యాహ్నం వేలిముద్రలవాళ్ళు బీరువా మీద పొడి జల్లి చూసుకుంటున్నారు. పోలీసు కుక్క గుమ్మం దగ్గర్నుంచి వీధి మలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. కుర్చీలో కూర్చుని కాగితాలు రాసుకుంటున్నాయన, ఎవరైనా అడగవలసిన ప్రశ్నే అడిగాడు. “మీకు ఎవరిమీదైనా అనుమానం ఉందామ్మా?”

లేదు అని ఉండాల్సింది. అదే నిజం. కానీ అప్పటికే వరండాలో చేరినవాళ్ళ మాటలు చెవిన పడుతున్నాయి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఎదురింటి పిన్నిగారన్నారు. అవునవునని ఇంకెవరో అందుకున్నారు. మా ఇంట్లో 11 ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి ఉంది. అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి, పొద్దున్నే వాకిట్లో ముగ్గు పెట్టేది ఆమే. మేము ఊరెళ్తున్నాం కదా, నాలుగు రోజులు రావద్దు, పిల్లలతో ఉండు అని నేనే చెప్పాను. పేరు రాయను. ఆమె పుట్టిల్లు స్టూవర్టుపురం.

ఆయన ప్రశ్నకి నేను ఆమె పేరు చెప్పాను.

అనుమానం అనే మాట నా నోట రాలేదు. మేము ఊళ్ళో లేమని తెలిసినవాళ్ళలో ఆమె కూడా ఉందని మాత్రమే అన్నాను. ఈ తేడా రాత్రిళ్ళు నాకు నేను చెప్పుకునేది. కాగితం మీద ఆ తేడా లేదు. దొంగకి ఒక్క పాపం, పోగొట్టుకున్నవాడికి వంద పాపాలని మా నాయనమ్మ అనేది. చిన్నప్పుడు ఆ మాట అన్యాయంగా అనిపించేది. పోగొట్టుకున్నవాడు ఏం చేశాడని అడిగేదాన్ని. ఇప్పుడు నాయనమ్మ లేదు గానీ, ఉంటే అడగాల్సిన పని లేదు.

నువ్వు ఈ ప్రాంతంవాడివి కాకపోతే నీకు తెలియకపోవచ్చు. బాపట్లకీ చీరాలకీ మధ్య రైల్లో వెళ్ళేవాళ్ళకి స్టూవర్టుపురం బోర్డు కనబడుతుంది. నా చిన్నతనంలో రైలు అక్కడ ఆగగానే ఆడవాళ్ళు మెడలో గొలుసులు పైటలోకి తోసుకోవడం చూశాను. ఎందుకని అడిగితే తర్వాత చెప్తాననేవాళ్ళు. బ్రిటిషు ప్రభుత్వం 1871లో మొదలుపెట్టి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ఎరుకలవాళ్ళని పుట్టుకతోనే నేరస్థులని రాసేసింది. ఆ చట్టం నీడలో 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల మీదుగా వెలిసిన సెటిల్‌మెంటు అది. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. పొద్దున పుట్టిన బిడ్డ కూడా అనుమానితుడే. హాజరు పలకాలి, అనుమతి లేకుండా హద్దు దాటకూడదు. 1952 కల్లా దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఆ తర్వాత కవి జాషువాగారి కూతురు హేమలతా లవణం, ఆమె భర్త, నాస్తికవాది గోరాగారి కొడుకు లవణం అక్కడి మనుషుల మధ్య ఏళ్ళ తరబడి తిరిగి పనిచేశారు. ఎంతోమంది పాత దారి వదిలేశారు, పిల్లల్ని చదివించుకున్నారు.

ఇవన్నీ నాకు తెలుసు. 30 ఏళ్ళు సోషల్ టీచరుగా పనిచేశాను. ఆ చట్టం ఎంత దుర్మార్గమైనదో ఎన్నో తరగతుల పిల్లలకి బోర్డు మీద రాసి చెప్పాను. చెప్పిన నోటితోనే ఆమె పేరు చెప్పాను. పుట్టిల్లు ఇంకెక్కడైనా అయితే చెప్పేదాన్ని కాదు. ఈ వాక్యం రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఆమెని రెండు రోజులు పిలిచి అడిగారు. గట్టిగా ఒక్క మాట కూడా అనలేదట, ఆమే చెప్పింది. ఐటీఐ చదువుతున్న కొడుకు ఫోను తీసుకుని చూశారు. మూడో రోజుకి కెమెరాలో మీరిద్దరూ దొరికారు. బీరువా లోపలి లాకరు మీద పడిన వేలిముద్రలు ఆమెవీ కావు, కొడుకువీ కావు. నీకు సంబంధం లేదమ్మా, వెళ్ళమన్నారు. కానీ మాట ఆ మూడు రోజుల్లోనే ఊరంతా తిరిగింది. మా ఇల్లు కాక ఆమె ఇంకో నాలుగిళ్ళలో పనిచేసేది. రెండిళ్ళవాళ్ళు రావద్దన్నారు. నెలకి 3 వేలు పోయాయి. మా ఇంట్లో నువ్వు తీసుకున్నది ఒక్క రాత్రి. ఆమె దగ్గర నెలనెలా తీసుకుంటున్నావు.

వీధి కూడా మారిపోయింది. ఇంటికింత అని వేసుకుని కెమెరాలు పెట్టించాం, అది మంచిదే. ఊరెళ్ళేవాళ్ళు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో నమోదు చేసుకుంటున్నారు. తాళం వేసిన ఇంట్లో పోలీసులే కెమెరా అమర్చి కనిపెట్టి ఉంటారు, ఖర్చేమీ లేదు. ముందే తెలిసీ నేను ఆ పని చేయలేదు. ఎవరన్నా ఊళ్ళో లేకపోతే పక్కింటివాళ్ళు వాళ్ళ వాకిట్లో కూడా నీళ్ళు జల్లి ముగ్గు పెడుతున్నారు. ఇదంతా జాగ్రత్త. కానీ గ్యాస్ పొయ్యి బాగుచేసే అతన్ని ఆధార్ కార్డు చూపించమంటున్నారు. గాజులమ్ముకునే ముసలాయన రెండుసార్లు వచ్చి, ఎవరూ గేటు తీయకపోతే వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆయన దగ్గర గాజులు వేసుకోని ఆడపిల్ల మా వీధిలో లేదు.

నీకు అప్పులున్నాయో, ఆన్‌లైన్ పేకాటలో పోగొట్టుకున్నావో, వేరే పని చేతకాలేదో నాకు తెలియదు. బంగారం ఈపాటికి కరిగిపోయి ఉంటుంది, తిరిగిమ్మని అడగడం లేదు. గిన్నె ఇంకా నీ దగ్గరే ఉంటే ఏ గుడి మెట్ల మీదైనా పెట్టి వెళ్ళు. గట్టిగా అడిగేది ఒక్కటే.

ఎప్పుడో ఒకప్పుడు నువ్వు దొరుకుతావు. ఇంకో ఊళ్ళో, ఇంకో ఇంటి కేసులో దొరకవచ్చు. అప్పుడు ఇంతకుముందు ఎక్కడెక్కడ చేశావని వరసగా అడుగుతారు. బాపట్ల ఇల్లు దాచిపెట్టకు. ఆ ఇంట్లో ఎవరూ లేరని నీకెలా తెలిసిందని కూడా అడుగుతారు. ముగ్గు లేకపోవడం చూశానని చెప్పు. నాకెవరూ చెప్పలేదని చెప్పు. ఆ ముక్క కాగితం మీదకి ఎక్కాలి. ఆమె పేరు నేను ఎక్కించిన కాగితాల దొంతరలోకే అదీ ఎక్కాలి.

ఆమెని మాన్పించిన రెండిళ్ళకీ వెళ్ళి, తప్పు నాదని చెప్పాను. ఒకరు మళ్ళీ పిలిచారు. ఇంకొకరు చూద్దాంలెండి అన్నారు.

పోయిన ఆదివారం ఆమె ఇంటికి కూడా వెళ్ళాను. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. క్షమించమని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది, “ముందు నన్ను అడగాల్సిందమ్మగారూ. పదకొండేళ్ళు మీ ఎదురుగానే ఉన్నాను గదా.” మళ్ళీ పనిలోకి రమ్మన్నాను. వద్దులెండి అంది.

మా వాకిట్లో ముగ్గు ఇప్పుడు నేనే వేస్తున్నాను.

ఇట్లు,
బాపట్ల నుంచి ఒక రిటైర్డు సోషల్ టీచరు