చాక్లెట్ క్రీమ్ పై: దేనికి బదులు ఏది వేయాలి?

ముందుగా ఒక కాగితం తీసుకుని నిలువుగా రెండు గడులు గీయండి. ఎడమ గడిలో చాక్లెట్ క్రీమ్ పైకి కావలసినవి రాయండి: మైదా, చల్లటి వెన్న, పాలు, పంచదార, గుడ్డు సొనలు, కార్న్‌ఫ్లోర్, అసలు సిసలు డార్క్ చాక్లెట్, గిలక్కొడితే నిలబడే క్రీమ్. కుడి గడిలో ఇంట్లో ఉన్నవి రాయండి: మారీ బిస్కెట్లు, వనస్పతి, కస్టర్డ్ పౌడర్, పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి, గిన్నెలో నాలుగు రోజులుగా పోగైన మీగడ. ఇప్పుడు ఎడమ గడి మొత్తం కొట్టేయండి. పేరు మాత్రం కొట్టేయకండి, ఈ శ్రమంతా దాని కోసమే. తెలుగులో 'పై' అంటే పైన ఉండేదనే గదా అర్థం. ఫొటోలో పడేదీ అదే. కింద ఏముందో కోస్తే గానీ తెలియదు, కోసేసరికి ఫొటో పది మందికీ చేరిపోయి ఉంటుంది.

ఈ సూచనలు ముఖ్యంగా కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ తెలుగు వంటిళ్ల కోసం. సౌత్ ఈస్టర్న్ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే. 2003లో తూర్పు కోస్తా రైల్వే మొదలయ్యేదాకా వాల్తేరు డివిజన్ కూడా దాని కిందే ఉండేది కాబట్టి ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు హుగ్లీ ఒడ్డు పరాయి చోటేమీ కాదు. మామిడికాయల రోజుల్లో ఇలాంటి వంటిళ్లలో 'బదులు' అన్న మాట వినపడదు. ఆవకాయకు టెంక ముదిరిన పుల్ల కాయే కావాలి. నువ్వులనూనె లేదు, పోనీ ఇంకో నూనె పోద్దామంటే పెద్దావిడ చూసే చూపుకు ఆ మాట అన్నవాళ్లు వరండాలోకి నడుస్తారు. కాయ కడిగి, తుడిచి, ఆరబెట్టి, కత్తిపీటకు తడి లేదని రెండుసార్లు చూసుకుని గానీ ముక్క కొట్టరు. ఆవపిండి, కారం, ఉప్పు కొలగిన్నెతో పడాల్సిందే. అవే చేతులు పై దగ్గరికి వచ్చేసరికి కొలతా వదిలేస్తాయి, సరుకూ వదిలేస్తాయి. తెలివితేటల్లో తేడా ఏమీ లేదు. ఆవకాయ చెడితే చెప్పడానికి ఊరూ వాడా ఉన్నారు. పై చెడితే చెప్పేవాళ్లు లేరు, ఎందుకంటే తినేవాళ్లలోనూ చాలామంది అసలుది తిని ఉండరు. అడిగేవాళ్లు లేని చోట మనం ఎంత ధారాళంగా సర్దుకుపోతామో చూపించడానికి ఇంతకన్నా మంచి వంటకం దొరకదు.

అడుగుతో మొదలుపెట్టండి. మైదా, వెన్న కలిపి చేసే అట్ట కరకరలాడాలంటే వెన్న చల్లగా ఉండాలి. కోల్‌కతా మే నెలలో పిండి ముద్దయ్యేలోపే అది వేళ్ల సందున కారిపోతుంది. కాబట్టి మారీ బిస్కెట్లు పొడి చేసి, కరిగిన వెన్న కలిపి, పళ్లానికి అదిమి ఫ్రిజ్‌లో పెట్టండి. నిజం చెప్పాలంటే ఈ ఒక్క మార్పూ బుద్ధిగలదే: తడి కస్టర్డును ఓర్చుకుని నిలబడటం అడుగు చేయాల్సిన పని, చల్లబడిన వెన్న ఆ పని చేస్తుంది. పైగా బిస్కెట్టు ఇక్కడ ఇంటి సరుకు. బ్రిటానియా 1892లో 295 రూపాయల పెట్టుబడితో పుట్టింది ఈ నగరంలోనే. పక్కనే తారాతలాలో ఉన్న దాని ఫ్యాక్టరీ 2024 దాకా నడిచింది. ఇంత బాగా కుదిరిన చోటును చెడగొట్టడానికి ఒక ఉపాయం ఉంది. 200 గ్రాముల బిస్కెట్లకు 100 గ్రాముల వెన్న పడుతుంది గదా, ఆరోగ్యం పేరు చెప్పి 40 గ్రాములే వేయండి. కోసినప్పుడు ఇసుకలా రాలుతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సూచన: క్రీమ్ బదులు మీగడ వాడండి. రెండూ తెల్లగా ఉంటాయి, రెండూ పాల నుంచే వస్తాయి, అంతకు మించి ఆలోచించేవాళ్లు వంటింట్లోకి రాకూడదు. గిలక్కొట్టే క్రీమ్‌లో కొవ్వు సుమారు 35 శాతం ఉంటుంది. 30కి తగ్గితే గాలిని పట్టుకోలేదు. అంగట్లో ఫ్రెష్ క్రీమ్ పేరుతో దొరికే చిన్న డబ్బాల్లో మామూలుగా ఉండేది 25 శాతమే, దాన్ని చెయ్యి పడిపోయేదాకా గిలక్కొట్టినా నురగొచ్చి కూర్చుంటుంది. మీగడ కథ వేరు. పాలు కాగి చల్లారేటప్పుడే అందులోని కొవ్వు కణాలు పైకి తేలి, వేడికి గడ్డకట్టిన ప్రోటీన్‌తో పాటు ఒకదానికొకటి అతుక్కుని అట్ట కట్టేస్తాయి. క్రీమ్ నిలబడాలంటే ఆ కణాలు విడివిడిగా ఉండాలి, 10 డిగ్రీల లోపు చల్లగా ఉండాలి, గాలి బుడగ చుట్టూ చేరి పక్కదానికి సగమే అతుక్కోవాలి. పూర్తిగా అతుక్కుంటే గాలి పోతుంది, మజ్జిగ విడిపోతుంది, వెన్న పడుతుంది. మనం కవ్వం పట్టిన జాతి. తరతరాలుగా మన చేతికి నేర్పినదంతా ఆ సగాన్ని పూర్తి చేయడమే. వెన్న పడటానికి ఒక్క క్షణం ముందు ఆగడం పై చేసేవాళ్ల విద్య, ఆ క్షణాన్ని దాటించడం మనది. గిన్నెలో పసుపుపచ్చని ముద్ద తేలగానే మన ఇళ్లలో ముఖాలు విప్పారతాయి. పై చేసేవాడు తల పట్టుకునేదీ సరిగ్గా అప్పుడే. కాబట్టి మీగడ వేసి పై చెడగొట్టినవాళ్లను చేతకానివాళ్లని అనకూడదు. వాళ్లు వేరే పనిని చాలా చక్కగా చేశారు.

కస్టర్డుకు గుడ్డు సొనలు వాడేట్లయితే, విరిగిపోతుందన్న భయంతో చిక్కబడే లోపే దించేయండి. సొనలో పిండిని కరిగించే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. కస్టర్డు బుడగలొచ్చేదాకా ఒకటి రెండు నిమిషాలు మరిగితే గానీ అది చావదు. కార్న్‌ఫ్లోర్ కలిసి ఉంటే సొన అంత తేలిగ్గా విరగదు కూడా. అయినా మీరు భయపడి ముందే దించితే, రాత్రి గట్టిగా కనిపించినది తెల్లారేసరికి పాయసమై ఉంటుంది.

సొనలు వద్దనుకుంటే కస్టర్డ్ పౌడర్ ఉంది. ఇక్కడ ఒకరు అడ్డం రావచ్చు: కస్టర్డ్ పౌడరే ఒక 'బదులు' సరుకు కాదా? అవును. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ భార్యకు గుడ్డు పడదని దాన్ని తయారుచేశాడు. పేరు కూడా మార్చలేదు, కస్టర్డనే అన్నాడు, కాబట్టి నా వాదనకు ఇక్కడ కాస్త చిల్లు పడింది. కానీ ఆయన కస్టర్డులో గుడ్డు చేసే పని చిక్కబరచడమని కనిపెట్టి, ఆ పనికి కార్న్‌ఫ్లోర్‌ను పెట్టాడు. పసుపుగా ఉంది గదా అని శనగపిండి కలపలేదు.

ఇంకా గట్టి అభ్యంతరం గార్డెన్ రీచ్‌లోనే పుడుతుంది. ఇక్కడి మేటియాబ్రూజ్‌లో 1856లో రాజ్యం పోగొట్టుకుని వచ్చిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1887లో పోయేదాకా ఉన్నాడు. మాంసం కొనలేక ఆయన వంటవాళ్లు బిర్యానీలో బంగాళాదుంప వేశారని, కోల్‌కతా బిర్యానీ అలా పుట్టిందని నగరమంతా చెప్పుకునే కథ. సర్దుబాటు నుంచే గొప్ప వంటలు పుడతాయనడానికి దీన్నే చూపిస్తారు. నవాబు వంశీకులు ఈ కథను ఒప్పుకోరు. నెలకు లక్ష రూపాయల పింఛను తీసుకుంటూ జంతుప్రదర్శనశాల పెట్టుకున్న మనిషికి మాంసం కొరత ఏమిటన్నది వాళ్ల ప్రశ్న, సమంజసమైన ప్రశ్నే. ఏ కథ నిజమైనా గిన్నెలో జరిగింది ఒకటే. దుంప దమ్ములో చెదరకుండా ఉండి మాంసం రసాన్ని, నెయ్యిని పీల్చుకుంటుంది. అది తెలిసినవాళ్లే దాన్ని అక్కడ పెట్టారు, అదీ మాంసం పక్కన. మాంసాన్ని తీసేసి దుంపనే మాంసం అనలేదు.

అదే ఒడ్డున యుద్ధనౌకలు కట్టే గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ ఉంది. అక్కడ కట్టిన ఐఎన్‌ఎస్ కమోర్తా 2014 ఆగస్టులో విశాఖపట్నంలో నౌకాదళంలో చేరింది. దాని ఒంటికి వాడింది విదేశీ ఉక్కుకు బదులు మన ఉక్కే, పేరు డీఎంఆర్ 249ఏ. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయం రూపొందించింది. ఆ లోహం ఎంత ఒత్తిడి ఓర్చాలో, అతుకు ఎక్కడ విడుతుందో చూసుకున్నాకే దానికి 'బదులు' హోదా వచ్చింది. చూడటానికి ఉక్కులాగే ఉంది గదా అని ఎవరూ ఓడ కట్టేయలేదు. బిస్కెట్టు పొడికి ఇన్ని పరీక్షలు అక్కర్లేదు, నిజమే. తీసేస్తున్న వస్తువు అక్కడ ఏం చేస్తోందన్న ఒక్క ప్రశ్న చాలు. ఆ ప్రశ్న వేసుకుంటే వచ్చే జవాబు మనకు నచ్చదు, అందుకే వేసుకోం.

చాక్లెట్ దగ్గర చూడండి. బేకరీ సామాన్ల కొట్లో చవగ్గా దొరికే కాంపౌండ్ చాక్లెట్ ఇటుకలో కోకో బటర్ ఉండదు, వేరే వృక్షనూనెల కొవ్వు ఉంటుంది. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే నాలుక మీద. కాంపౌండ్ అలా కరగక అంగిటికి మైనంలా అంటుకుంటుంది. ఇక్కడి ఎండలకు కాంపౌండే నిలుస్తుందని వాదించవచ్చు, కొట్టు అద్దాల వెనక పేర్చడానికైతే ఒప్పుకుంటాను. ఫ్రిజ్‌లోంచి తీసి కంచంలో పెట్టే పైకి ఆ సాకు చెల్లదు. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లో, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడన. ఆ నేల మనుషులం చాక్లెట్ అనుకుంటూ మైనం నములుతున్నాం.

అందరికీ అన్నీ కొనే స్తోమత ఉంటుందా అని అడుగుతారు. ఉండదు. ఇక్కడ వెటకారం చెల్లదు. మంచి చాక్లెట్, మంచి క్రీమ్ ఖరీదైనవే, ఒక్క పైకి అంత పెట్టమనడం సబబు కాదు. కానీ ఉన్నవాటితోనే చేయదగ్గవి ఉన్నాయి. బెంగాలీ మిఠాయివాళ్లు పాలు విరగ్గొట్టి తీసిన ఛనాలో కోకో కలిపి చాక్లెట్ సందేశ్ అన్నారు, పై అనలేదు. దానికి గిరాకీ ఏమీ తగ్గలేదు. పాలు, కోకో, కార్న్‌ఫ్లోర్ కాచి గ్లాసుల్లో పోసి చాక్లెట్ కస్టర్డ్ అంటే ఎవరికీ లోటు లేదు. అయినా అనం. నాతో సహా మనందరికీ ఆ పేరు కావాలి, ఎక్కడో చూసిన బల్ల మీది ఆ ముక్క కావాలి, అది మన ఇంట్లో లేదని ఒప్పుకోవడం బిస్కెట్లు పొడి చేయడం కన్నా కష్టం.

మిగిలినవి చిన్న పనులు. పంచదార కళ్లతో కొలవండి. వెనిలా లేకపోతే ఏలకులు దంచి వేయండి, వాసన రెండింటికీ ఉంది గదా. అతిథులు అడిగితే ఇది వేరే పద్ధతి అని చెప్పండి.

పై గట్టిపడటానికి ఫ్రిజ్‌లో నాలుగు గంటలు పడుతుంది. ఈలోగా క్రీమ్ కోసం గిలక్కొట్టి వెన్న చేసుకున్న ఆ మీగడ ముద్దను నాలుగు నీళ్లలో కడిగి, సన్న సెగ మీద పెట్టండి. గసి గోధుమ రంగుకు తిరిగి, చిటపటలు ఆగాక, రెండు మునగాకు రెబ్బలు పడేసి దించండి. కుక్కర్‌లో పప్పు ఉడికే ఉంటుంది, ఆవకాయ జాడీ అలమరలోనే ఉంది. ఎవరూ ఫ్రిజ్ తలుపు తెరవరు.