పానా పట్టని చేతులు

ఈ రోజుల్లో బండి దారిలో ఆగిపోతే కుర్రాళ్ళు ముందు జేబులోంచి ఫోను తీస్తున్నారు. మా రోజుల్లో టూల్ బాక్సు మూత తీసేవాళ్ళం. మొన్నామధ్య వజ్రపుకొత్తూరు దారిలో, జీడితోటల మధ్య, ఓ కుర్రాడు కొత్త బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏటయింది బాబూ?" అంటే, "తెల్దు తాతా, మీటరులో పసుపు లైటు వెలుగుతోంది. సర్వీసు వాళ్ళకి ఫోన్ చేసినాను" అన్నాడు. ప్లగ్గు ఎక్కడుందో చూపించమన్నాను. చూపించలేకపోయాడు. బండి కొని రెండేళ్ళు దాటిందట! ఆ గుంటణ్ణి నేను తప్పుపట్టను. వాడికి ఎవరూ చూపించలేదు. వాడు చూసుకునే వీలుగా ఆ బండినీ చెయ్యలేదు. నా బాధంతా దాని గురించే.

నేను జీడిపిక్కల కొనుగోలు మీద మా ఉద్దానం తీరమంతా తిరిగిన మనిషిని. పలాస, కాశీబుగ్గ బట్టీలకి పిక్కలు కావాలి. పిక్కలేమో మందస, సోంపేట, కవిటి దాకా పరుచుకున్న తోటల్లో ఉండేవి. సగం ఊళ్ళకి ఇసుక బాటలే గతి. ఆ రోజుల్లో మా వైపు పెద్ద బండి అంటే మూడే పేర్లు వినపడేవి. మద్రాసు నుంచి బుల్లెట్టు, మైసూరు నుంచి జావా (అదే తర్వాత యెజ్డీ అయింది), ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్. నాది 350 బుల్లెట్టు. పోత ఇనుము సిలిండరు, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో మొదలైంది. ఇంగ్లండులో రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడిన తర్వాత కూడా తిరువొత్తియూరులో దాదాపు అదే ఇంజను దశాబ్దాల పాటు తయారైంది. మాకు అదే పెద్ద మేలు. ఒక బండి సామాను చాలావరకు ఇంకో బండికి సరిపోయేది. పలాస ఎలాగూ మద్రాసు-హౌరా లైను మీదే ఉంది కాబట్టి ఇక్కడ దొరకని భాగం రైలు పార్సిల్లో వచ్చి దిగేది.

ఆ బండిని లేపడమే ఒక విద్య. తాళం తిప్పి, హెడ్‌లైటు డూమ్ మీదున్న ఆమ్‌మీటరు ముల్లు మీద కన్నేయాలి. కిక్కు చేత్తోనో కాలితోనో మెల్లగా దింపుతుంటే ముల్లు మైనస్ వైపు వాలుతుంది. ప్లగ్గులో నిప్పు పుట్టించే పాయింట్లు మూసుకుని కరెంటు పారుతోందన్నమాట. ఇంకా దింపితే ఒకచోట కిక్కు బిగుసుకుంటుంది, ముల్లు మధ్యకి వచ్చేస్తుంది. పాయింట్లు విడ్డాయి, పిస్టను కంప్రెషన్ మీద పైకొచ్చింది. అప్పుడు హ్యాండిల్ ఎడమవైపున్న సిలిండరులో ఒత్తిడి వదిలించే డీకంప్రెసర్ మీట నొక్కి, కిక్కు ఇంకొక్క రవ్వ దింపి, మీట వదిలి, కిక్కుని పూర్తిగా పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి ఒక్క తన్ను తన్నాలి. అంతే. బక్కపలచని మనిషి కూడా లేపగలడు. ఇది తెలియక బలం కొద్దీ తన్నినవాళ్ళని కిక్కు ఎదురుతన్నేది. పాయింట్లు ముందుగా విడిపోయేట్టు టైమింగు తప్పి ఉంటే మరీ గట్టిగా తన్నేది. చీలమండ వాచి, కట్టు కట్టించుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఆ ముల్లు చిన్నదే గానీ బండి ఒంట్లో కరెంటు ఏం చేస్తోందో అంతా దానిలో కనబడేది. పరుగులో ఉండగా ప్లస్ వైపు రాకపోతే ఛార్జింగు లేదు. తాళం తిప్పగానే మైనస్ చివరికంటా పడిపోతే ఎక్కడో వైరు ఒరుసుకుపోయి షార్టు అవుతోంది, వెంటనే ఆపేయాలి. ఇప్పటి బండిలో ఆ ముల్లు లేదు. దాని బదులు ఓ పసుపు దీపం. ఏదో తేడా ఉందని మాత్రం చెబుతుంది. ఏం తేడానో చెప్పాలంటే సర్వీసు కేంద్రంలో ఉన్న పరికరం తగిలించాలి. నా బండికి ఏమయిందో తెలుసుకోడానికి నేనే ఇంకొకరి గుమ్మం ముందు నిలబడాలి. ఇది నాకు మింగుడు పడదు.

మేం నేర్చుకున్న పద్ధతి చాలా సులువు. ఇంజను ఆగిపోతే మూడే చూడాలి: పెట్రోలు, నిప్పు, గాలి. ప్లగ్గు విప్పు. మూతి తడిగా ఉందా? పెట్రోలు వస్తోంది, నిప్పు లేదు. పొడిగా ఉందా? కొళాయిలోనో జెట్టులోనో అడ్డు పడింది. ప్లగ్గుకి తీగె తగిలించి హెడ్డు రెక్కల మీద ఆనించి కిక్కు కొడితే నీలంగా ఫట్టుమని పడాలి. పచ్చగా, బలహీనంగా పడుతూ పాయింట్ల దగ్గర మాత్రం మెరుపులు ఎక్కువగా ఉన్నాయంటే కండెన్సరు పోయింది. పాయింట్ల మధ్య ఎడం పదిహేను థౌ, అంటే 0.38 మిల్లీమీటరు. ఫీలర్ గేజ్ రేకు తేలిగ్గా రాసుకుంటూ జారాలి. బండి బాగున్న రోజున కూడా ప్లగ్గు విప్పి రంగు చూసేవాళ్ళం. లేత గోధుమ రంగు ఉంటే నిశ్చింత. మసిబారితే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువై వేడెక్కుతోంది, దాన్నలాగే వదిలేస్తే పిస్టను పట్టేస్తుంది.

టాపెట్ల సర్దుబాటు మరీ చెప్పుకోవాలి, అదంతా వేళ్ళతో తెలుసుకునే పని కాబట్టి. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చెయ్యాలి. సిలిండరు పక్కనున్న చిన్న మూత విప్పితే రెండు పుష్‌రాడ్లు నిలువుగా కనపడతాయి. పిస్టను కంప్రెషన్ మీద పైకి తెచ్చి, రాడ్డుని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని తిప్పాలి. హాయిగా గుండ్రంగా తిరగాలి, కానీ పైకీ కిందకీ ఆడకూడదు. బిగుతుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది, వదులుగా ఉంటే టకటకమంటుంది. సన్నటి పానాలతో సర్ది, లాక్ నట్టు బిగించి, మళ్ళీ తిప్పి చూడాలి. బిగించేటప్పుడు ఒక వెంట్రుకవాసి మారుతుంది. అందుకే రెండోసారి చూడటం ముఖ్యం. ఈ పని నేర్పేటప్పుడు నేను ఎవరికీ నోటితో చెప్పను. వాళ్ళ వేళ్ళు తీసుకెళ్ళి రాడ్డు మీద పెడతాను.

జావా, యెజ్డీ వాళ్ళ పద్ధతి వేరు. గేరు రాడ్డునే పైకి తిప్పి కిక్కుగా తన్నాలి. పెట్రోలులో ఆయిల్ కలిపి మండించే ఇంజను కాబట్టి సైలెన్సర్లలో కార్బన్ పేరుకుని బండి నీరసించేది. లోపలి గొట్టాలు లాగి, కొబ్బరి డొక్కల మంటలో ఎర్రగా కాల్చి, దులిపి మళ్ళీ ఎక్కించేవాళ్ళు. కవిటి వైపు కొబ్బరి డొక్కలకి కొదవా? బంకులో కొలత డబ్బాతో ఆయిల్ కలిపి పోసే కుర్రాడు ఇప్పుడు కనపడడు. యెజ్డీ కాపాడుకుంటున్నవాళ్ళు సీసా వెంటబెట్టుకు తిరుగుతున్నారు.

ఇక మా ఉద్దానం బళ్ళకి అన్నిటికన్నా పెద్ద శత్రువు సముద్రపు గాలి. నౌపడ మళ్ళలో ఉప్పు పండేది ఈ తీరంలోనే. భావనపాడు, అక్కుపల్లి వైపు రోజూ తిరిగే బండికి స్పోకులు, రిమ్ములు, చైను ముందు పోతాయి. కనపడకుండా పోయేది ఎర్తు. ఫ్రేముకి వైరు బిగించిన చోట సన్నగా తుప్పు పట్టి కరెంటు తిరిగి రాదు. హెడ్‌లైటు మసకబారి, హారను గొంతు పూడుకుపోతే జనం బ్యాటరీ మార్చేస్తారు. మార్చినా అదే తంతు. ముందు ఆ ఎర్తు బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గ్రీజు రాసి బిగించండి. ఇసుక దారుల్లో తిరిగొచ్చిన రోజున చైను తుడవకుండా పడుకునేవాళ్ళం కాదు. కిరసనాయిలు గుడ్డతో ఇసుక పోగొట్టి, ఆ తర్వాతే ఆయిల్. ఇసుక మీదే ఆయిల్ పోస్తే అది చైనునీ పళ్ళచక్రాన్నీ అరగదీస్తుంది. ఇప్పుడా కిరసనాయిలు కూడా రేషనులో రావడం లేదు. డీజిల్‌తో సరిపెట్టుకుంటున్నాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా వజ్రపుకొత్తూరు వైపే తీరం దాటింది. కొబ్బరీ జీడీ కూలిపోయిన సంగతి లోకమంతా చూసింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. మా పాక కూలి బుల్లెట్టు నీళ్ళలో నిలబడింది. కిక్కు ముట్టుకోకుండా ముందు ప్లగ్గు విప్పాను. సిలిండరులో నీరుండగా తన్నితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. కింద బోల్టు తీస్తే ఆయిల్ పాలవిరుగుడులా తెల్లగా దిగింది. అదంతా తీసేసి, కొత్త ఆయిల్ పోసి, కాసేపు తిప్పి మళ్ళీ తీసేసి, ఇంకోసారి పోశాను. కార్బురేటరు బౌల్ విప్పి కడిగి, పాయింట్ల గిన్నె తుడిచి ఎండలో పెట్టాను. అంతా బిగించి తన్నితే లేచింది. తుపాను వెళ్ళిన తర్వాత మా వీధిలో చాలా కొత్త బళ్ళు మూలపడ్డాయి. వాటిలో కొన్నింటికి పెద్ద జబ్బేమీ లేదు. విప్పి ఆరబెట్టడం తెలిసిన చెయ్యి లేదు, అంతే.

బ్రేకుల గురించి ఒక మాట. జీడిపిక్క తొక్కులోంచి వచ్చే నూనెతో చేసే పొడిని బ్రేకు లైనింగుల్లో వాడతారు. మా ఊరి పిక్క తొక్కు దేశమంతా బళ్ళని ఆపుతోందని చాలామంది పలాస వాళ్ళకే తెలియదు. పాత డ్రమ్ము బ్రేకులు విప్పినప్పుడు లోపలి పొడిని మాత్రం నోటితో ఊదకండి. అప్పటి లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకి చేటు. తడిగుడ్డతో తుడిచి పారేయండి. మేమందరం ఊదినవాళ్ళమే. ఆ విషయంలో మా రోజులే మంచివని నేను అనను. 2019 నుంచి 125 సీసీ దాటిన బళ్ళకి ఏబీఎస్ తప్పనిసరి చేశారు, చక్కటి పని. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చి పొగ తగ్గింది, అదీ మంచిదే. కానీ పొగ తగ్గించడానికి కార్బురేటరు పోవడం ఒక సంగతి, సొంతదారు బండి మూత తీయకుండా చేసెయ్యడం మరో సంగతి. మొదటిదానికి కారణముంది. రెండోదానికి కారణం వ్యాపారం తప్ప ఇంకేదీ నాకు కనపడటం లేదు.

పెట్రోలు సంగతి ఇంకో తలనొప్పి. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపి అమ్ముతున్నారు. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. మా తీరంలో గాలికి తేమ కొరతా? పాత ట్యాంకు లోపల తుప్పు, ఉబ్బిపోయే రబ్బరు గొట్టాలు, జెట్టులో తెల్లటి పొడి. వారం పది రోజులు బండి కదలదనుకుంటే కొళాయి కట్టేసి, ఇంజను తనంతట తను ఆగేదాకా నడపండి. బౌల్లో చుక్క మిగలకూడదు. రబ్బరు గొట్టం మెత్తబడితే ఆలస్యం చెయ్యకుండా మార్చండి. వేడి ఇంజను మీద పెట్రోలు కారడం ప్రాణాంతకం.

కాశీబుగ్గలో ఒకప్పటి మేస్త్రీలు పని చేస్తూ సొంతదారుని పక్కన కూర్చోబెట్టుకునేవారు. "ఇదిగో బాబూ, ఇది అరిగింది, చూడు" అని పాత సామాను చేతిలో పెట్టేవారు. నాకు వచ్చిన పనంతా అలా వచ్చిందే. ఇప్పుడు అద్దాల గదిలో కూర్చోబెట్టి బిల్లు చేతికిస్తున్నారు. మార్చిన సామాను ఎక్కడ అని అడిగితే వింతగా చూస్తారు. అడగండి. డబ్బిచ్చింది మనం, ఆ అరిగిన ముక్క మనది.

పాత బళ్ళ మీద ఇప్పుడు మోజు పెరిగింది, సంతోషమే. అయితే చాలామంది కొనగానే చేసే పని అసలు సైలెన్సరు పీకేసి చెవులు చిల్లులు పడే గొట్టం బిగించడం. బుల్లెట్టుకి అసలు సైలెన్సరుతో ఉండే గంభీరమైన డుగ్‌డుగ్ విన్నవాళ్ళెవరూ అలా చెయ్యరు. 50 ఏళ్ళు నిండి, అసలు రూపం మారని బండికి వింటేజ్ రిజిస్ట్రేషను ఇచ్చే నిబంధన 2021లో వచ్చింది. నంబరులో వీఏ అక్షరాలుంటాయి, కొత్తగా తీసుకుంటే రుసుము 20,000 రూపాయలు. రోజువారీ తిరగడానికి కాదు, ప్రదర్శనలు, ర్యాలీల లాంటి వాటికే. అసలు సామాను పీకి పారేస్తే ఆ గుర్తింపు కూడా చేజారుతుంది.

మీ ఇంటి వెనక కొబ్బరి మట్టల కింద నాన్నగారి బుల్లెట్టో తాతగారి యెజ్డీయో ఉంటే పాత ఇనుముకి తూచెయ్యకండి. ప్లగ్గు విప్పి, ఆ కన్నంలో రెండు చెంచాల ఇంజను ఆయిల్ పోసి, రెండు రోజులు వదిలేయండి. తర్వాత చేత్తో కిక్కు మెల్లగా నొక్కి చూడండి, బలవంతం వద్దు. కదిలితే కాశీబుగ్గ తీసుకురండి. పాయింట్లు నేను సర్దిపెడతాను, కానీ మీ పిల్లవాణ్ణి వెంటబెట్టుకు రండి. పానా వాడి చేతికే ఇస్తాను.