చెవికి పరీక్ష, చేతికి శిక్ష

విదేశీ చదువుకు వెళ్లగోరేవారి ఆంగ్ల పరిజ్ఞానాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్‌లో ‘లిజనింగ్’, అంటే సంభాషణలనూ ప్రసంగాలనూ విని 40 ప్రశ్నలకు జవాబులు రాయవలసిన విభాగం, సుమారు 30 నిమిషాలు సాగుతుంది. రికార్డింగును మాత్రం ఒక్కసారే వినిపిస్తారు. జనగామ స్టేషన్‌లో రైలు రాకను మూడు భాషల్లో చెప్పినా పక్కవారిని “ఏ బండి?” అని అడగనిదే కదలని ప్రయాణికులకు ఇది కొంత కఠిన నియమమే. మహబూబాబాద్ సంతలో తెలుగు, లంబాడీ, ఉర్దూ కలగలిసిన బేరాన్ని ఆసాంతం పట్టుకొని చిల్లర లెక్క తప్పని యువకుడు, పరీక్షలో మాటను సరిగ్గానే విని, రాతలో బహువచనపు ‘ఎస్’ ఒక్కటి వదిలితే ఆ జవాబుకు మార్కు దక్కదు. విన్న చెవి నిర్దోషి అయినా తీర్పు చేతిని బట్టే వస్తుంది. అంతకంటె విచిత్రం సాధన పద్ధతి. భూపాలపల్లిలోనైనా హైదరాబాద్‌లోనైనా ఒకే రికార్డింగును ఫోనులో పదేపదే వెనక్కి తిప్పి, జవాబులు కంఠస్థమయ్యాక తొమ్మిది బ్యాండు, అనగా ఆ పరీక్షలో గరిష్ఠ స్కోరు, వచ్చిందని మురిసిపోవడం వినికిడి సాధన కాదు, ఎక్కాల అప్పగింత. అభ్యర్థులు దయచేసి ముందు ప్రశ్నలు చదివి, కొత్త రికార్డింగును ఆపకుండా ఒక్కసారే విని రాయాలి.