రాజ్యం పోయింది, పెళ్ళి ఆగలేదు

కష్టాల్లో ఉన్నవాడికి సలహాలకు లోటుండదు. ఈమధ్య వాటిలో సినిమా కూడా చేరింది. "ఫలానాది చూడు, ఎక్కడలేని ధైర్యం వస్తుంది" అంటారు. ఆ ఫలానాదాంట్లో హీరో ఇంటర్వెల్ లోపు అన్నీ పోగొట్టుకుని, ఆ తర్వాత ఒక్క పాటలో అన్నీ రాబట్టుకుంటాడు. పల్లవిలో ఇటుకలు మోస్తాడు, మొదటి చరణంలో మేస్త్రీ అవుతాడు, రెండో చరణం అయ్యేసరికి మేడ అతనిదే. చూసేవాడికి ధైర్యం మాట దేవుడెరుగు, కొత్త దిగులు పట్టుకుంటుంది. తన ఇంటి అప్పు ఇరవై ఏళ్ళు, పాటేమో ఐదు నిమిషాలు. పైగా ఆ పాటలో ఎక్కడా బ్యాంకువాళ్ళు ఫోన్ చెయ్యరు. అందుకే కష్టకాలంలో చూడవలసింది గెలుపు పాఠం చెప్పే సినిమా కాదంటాను. 1957లో కె.వి.రెడ్డి తీసిన 'మాయాబజార్' చూడాలి.

నిజానికి అదీ కష్టకాలం కథే. జూదంలో రాజ్యం పోయి పాండవులు అడవులపాలయ్యారు. అయినా సుమారు మూడు గంటల సినిమాలో ఆ ఐదుగురిలో ఒక్కరూ తెరమీదికి రారు. ఏడవవలసిన అసలు మనుషులను గుమ్మం అవతలే ఉంచి భారతకథ నడపడం మామూలు తెగువ కాదు. వాళ్ళ కష్టం మనకు తెలిసేది సుభద్ర వదినగారి ముఖం చూసి. సుభద్ర కొడుకు అభిమన్యుడే తన కూతురు శశిరేఖకు మొగుడని మురిసిన రేవతి, ఆస్తి పోగానే దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడివైపు తిరుగుతుంది. చేతిలో డబ్బాడనప్పుడు చుట్టాల పలకరింపు ఎంత పలచబడుతుందో ఎరిగినవాళ్ళకు ఇక్కడ వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆపైన దర్శకుడు ఓదార్పు మాటలు చెప్పడు, తిన్నగా విందు దగ్గరికి తీసుకుపోతాడు. లడ్డూలు వాటంతటవే లేచివచ్చి ఘటోత్కచుడైన ఎస్వీ రంగారావు నోట్లో పడుతుంటే, రెండురోజులుగా అన్నం సహించని మనిషి కూడా వంటింటివైపు ఓసారి చూస్తాడు. పెళ్ళిపీటల మీద మాయా శశిరేఖ కాలు తొక్కినప్పుడు లక్ష్మణకుమారుడైన రేలంగి ముఖం చూడాలి. పక్కన సావిత్రి ఏమీ ఎరగనట్టు బుద్ధిగా తల వంచుకుని ఉంటుంది.

ఇది పలాయనవాదం అనే పెద్దమనుషులున్నారు. పారిపోవాలంటే వెనకాల ఏముందో మరిచిపోవాలి కదా. తెలుగు ప్రేక్షకుడు ఏం మరిచాడు? అభిమన్యుడు పద్మవ్యూహంలో పోతాడని తెలుసు. పెళ్ళి తప్పిన లక్ష్మణకుమారుడు అదే రోజు ఆ అభిమన్యుడి చేతిలోనే పోతాడు. మర్నాటి రాత్రి ఘటోత్కచుడి వంతు. హాలంతా ఇదంతా తెలిసే నవ్వుతుంది. వ్యాసుడు రాయని శశిరేఖ పెళ్ళిని మనవాళ్ళు పనిగట్టుకుని కల్పించి, కురుక్షేత్రానికి ముందే ముహూర్తం పెట్టారు. పోనీ, చివరికి సినిమా తేల్చిందేమిటి అంటారా? పాండవులకు గజం నేల రాలేదు, వనవాసం ఒక పూట తగ్గలేదు. జరిగింది ఒక్క పెళ్ళి. అంతకుమించి హామీ ఇవ్వదు కాబట్టే దాన్ని నమ్మబుద్ధేస్తుంది.

వందసార్లు చూసిందే మళ్ళీ చూడ్డమేమిటన్న ప్రశ్న ఒకటుంది. ఆస్పత్రి రిపోర్టు రేపొస్తుందన్న మనిషికి సస్పెన్స్ సినిమా చూపించడం పాపం. అతనికి కావలసింది ముందే తెలిసిన ముగింపు. ఇక 2010లో వచ్చిన రంగుల ప్రతి చూడాలా, పాత నలుపు తెలుపుదే చూడాలా అన్నది వేరే తగవు. మార్కస్ బార్ట్‌లీ వెన్నెలకు రంగు పూయడమేమిటని మన రోగి లేచి కూర్చుని వాదిస్తే మాత్రం, పరామర్శకు వచ్చినవాళ్ళు కాఫీ తాగి నిశ్చింతగా బయల్దేరవచ్చు.