ఒలుచుకునే రంగులు

మా రోజుల్లో బండికి రంగు మార్చాలంటే ముందు ఇంట్లో ఒప్పుకోవాలి, తరవాత పెయింటింగు మేస్త్రీ ఒప్పుకోవాలి. రెండోదే కష్టం. రాయగడలో నేనెరిగిన మేస్త్రీ శ్రావణ భాద్రపదాల్లో బండి ముట్టుకునేవాడు కాదు. డ్యూకో పెయింటుకి ముసురు పడదు. థిన్నరు గబగబా ఆవిరైపోతుంటే ఆ రేకు చల్లబడుతుంది, గాలిలో తేమంతా వచ్చి దాని మీద దిగుతుంది. నల్లటి ట్యాంకు మీద పొద్దున్నకల్లా తెల్లగా బూజు పట్టినట్టు పొర. మళ్లీ గీకాలి, మళ్లీ కొట్టాలి. మరి ఒడియా వాళ్ల వర్క్‌షాపుల్లో విశ్వకర్మ పూజ సెప్టెంబరు 17న. ఆ వెనకే మనవాళ్ల దసరా, ఆయుధపూజ. బండ్లన్నీ అప్పటికే మెరవాలి, ఈ కొండల మీద వానేమో అప్పటికి వదలదు. మేస్త్రీ గడప దగ్గర బతిమాలుకునేవాళ్లతో చిన్న సంతే నడిచేది.

ఒప్పుకున్నాక పని చూడాలి. ట్యాంకు, సైడు డబ్బాలు విప్పి, పెట్రోలు దింపి, పాత రంగుని వాటర్ పేపరుతో నీళ్లు పోసుకుంటూ రుద్దేవాళ్లు. ఇనుము కనపడ్డాక రెడ్ ఆక్సైడు. సొట్టలున్నచోట లప్పం. అది ఆరాక మళ్లీ రుద్దుడు. మేస్త్రీ కళ్లు మూసుకుని అరచెయ్యి ట్యాంకు మీద ఆనించి జరిపేవాడు. కంటికి కనపడని ఎత్తుపల్లం అరచేతికి తగులుతుందట. అప్పుడు గన్ను పట్టేవాడు. అన్నిటికన్నా చివర, సన్నటి కుంచెతో ట్యాంకు అంచునే బంగారు గీత. ఆ గీత గీసేటప్పుడు పక్కన ఎవరైనా తుమ్మితే తిట్లే. ఇదంతా అయ్యేసరికి వారాలు పట్టేది. అన్నాళ్లూ నడిచి తిరిగేవాళ్లం, ఎవరూ చచ్చిపోలేదు.

ఇప్పుడు మా మనవడున్నాడు. ఆదివారం పూట వరండాలో స్ప్రే డబ్బాలు పెట్టుకుని కూర్చున్నాడు. షాంపూతో బండి కడిగాడు, అద్దాలకీ ఇంజనుకీ పాత పేపర్లు టేపుతో అంటించాడు, డబ్బా ఊపాడు, కొట్టాడు. మొదటి చేయి మంచు పడ్డట్టు పలచగా. కాసేపాగి ఇంకోటి. అలా అయిదారు పూతలు. చివరి పూత తడిగా ఉండగానే టేపు లాగెయ్యాలట, ఆరనిస్తే అంచు చిరుగుతుందట. పూతలు తక్కువైతే రేపు తీసేటప్పుడు ముక్కలు ముక్కలుగా వస్తుందట. ఆరేటప్పటికి ఎర్ర బండి బూడిద రంగైంది. మెరుపు లేదు. వీళ్లకి మెరవకపోవడమే అందమట. మోజు తీరాక ఓ మూల గోటితో లేపి లాగితే పనసతొన మీద పొరలా మొత్తం ఊడి వస్తుంది, కింద కంపెనీ రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఇది రంగు కాదు, రబ్బరు. అమెరికాలో మినెసొటా వాళ్లు 1972లో ప్లాస్టీ డిప్ అని మొదలెట్టారు. దేనికనుకున్నారు? ప్లయర్లూ స్పానర్లూ చేతిలో జారకుండా పిడులు ముంచుకోడానికి! పనిముట్ల పిడికి వేసేది తెచ్చి బండికి తొడిగారు.

“తాతా, మీరు ట్యాంకుకి రెగ్జిన్ కవరు వేసుకోలేదా?” అన్నాడు వాడు. వేసుకున్నాం, కాదన్నదెవరు? జేబు కూడా ఉండేది దానికి, బండి కాగితాలు అందులోనే. కింద వాననీళ్లు నిలిచి ట్యాంకు తుప్పు పట్టిందీ నిజమే. కానీ కవరుని చూసి ఎవడూ అదే బండి రంగనుకోలేదు కదా.

మొన్న పెట్రోలు బంకులో కుర్రాడు నిండా పోసి నాలుగు చుక్కలు మూత పక్కన ఒలికించాడు. చూస్తుండగానే ఆ రబ్బరు మెత్తబడి ముడతలు పడింది. తన ట్యాంకులో పోసుకునే పెట్రోలుకే తట్టుకోలేనిది ట్యాంకు మీద ఎందుకు వేసుకోవాలో నాకు అర్థం కాదు. ఒక్క మాట మటుకు ఒప్పుకుంటాను. లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్లే దారిలో లారీ వెనక పడితే ఎగిరే కంకర రాళ్లకి అసలు రంగు పెచ్చులూడదు. ఆ ఎర్రదుమ్ము మాత్రం మెరుపులేని రబ్బరులోకి ఇంకిపోతుంది, తుడిచినా పోదు.

మా కాలంలో మనిషిని బండి రంగుతో గుర్తుపట్టేవాళ్లం. నీలం రాజ్‌దూత్ వస్తోందంటే వడ్డీవ్యాపారి వస్తున్నాడని, సందులోకి తప్పుకునేవాళ్లు తప్పుకునేవాళ్లు. ఎర్ర ఎజ్డీ అంటే కాంట్రాక్టరు. 1992 అక్టోబరు 2న రాయగడ, కోరాపుట్ నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. నంబర్లలో వాళ్లకి 10, మాకు 18. ఒరిస్సా ఒడిశా అయింది, ప్లేట్ల మీద ఓఆర్ పోయి ఓడీ వచ్చింది. వడ్డీవ్యాపారి బండి నీలంగానే ఉంది. ఇప్పుడు మా మనవడి సావాసగాళ్లు నెలకో రంగులో దిగుతున్నారు. వీధి కుక్క కూడా ఎవరిని చూసి మొరగాలో తేల్చుకోలేకపోతోంది.

నాకు ఒళ్లు మండేది ఇంకోటుంది. అసలు రంగు దాచడం ఎందుకురా అంటే, “అమ్మేటప్పుడు రేటొస్తుంది తాతా” అంటాడు. అంటే కంపెనీ ఇచ్చిన ఎర్రరంగు వీడు చూసుకోడానికి కాదు, ఎవడో రేపు కొనేవాడు చూసుకోడానికి. వాడి కోసం దాచిపెట్టి, వీడు మటుకు రబ్బరు మీద తిరుగుతున్నాడు. మేం ఎక్కినన్నాళ్లూ మా బండే. పెచ్చులూడినా మాదే.

ఆర్.సి.లో రంగు రాసి ఉంటుంది, మారిస్తే ఆర్.టి.ఓ. ఆఫీసులో చెప్పి అందులోనూ మార్పించాలి. అదీ అడిగాను. “పోలీసు ఆపి ఎరుపని రాసి ఉంది కదా, బూడిద రంగేంటి అంటే ఏం చెప్తావురా?”

“ఓ మూల ఒలిచి చూపిస్తా తాతా.”

నా రాజ్‌దూత్‌ని అలా ఒలిచి చూపించమని ఉంటే డ్యూకో కింద లప్పం, లప్పం కింద రెడ్ ఆక్సైడు, దాని కింద మేస్త్రీ బాకీ.